తల్లిపాలు, పిల్లల బరువు: ఎంత తాగాలో బిడ్డకు తెలుసు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా విశాఖపట్నంలో తల్లులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక పిల్లల వైద్య నిపుణులు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో చంటిపిల్లలతో వచ్చిన తల్లులున్నారు. మధ్యలో బిడ్డ ఏడిస్తే లేచి బయటకు వెళ్లక్కర్లేదమ్మా. కూర్చున్నచోటే పాలివ్వండి, వినేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఆసుపత్రి గోడల మీద, అంగన్‌వాడీ కేంద్రాల్లో పోస్టర్లు కడతాం. తల్లిపాలు తాగిన పిల్లలకు పెద్దయ్యాక ఊబకాయం రాదనే మాట వాటిలో తరచూ కనిపిస్తుంది. ఆ మాటను అలాగే ఇంటింటికీ మోసుకెళ్లొద్దని టీచర్లకు, ఆశా అమ్మాయిలకు నా మనవి. రెండేళ్లు పాలిచ్చిన తల్లి కొడుకు ఎనిమిదో ఏట లావెక్కితే, మీరు చెప్పింది అబద్ధమేగా అని ఆమె అడుగుతుంది. ఆ తర్వాత మనం చెప్పే నిజాలను కూడా నమ్మదు. అందుకే ఈ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

2016లో లాన్సెట్ వైద్య పత్రికలో తల్లిపాల మీద ఒక పెద్ద సమీక్ష వచ్చింది. దేశదేశాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, ఎక్కువకాలం తల్లిపాలు తాగిన పిల్లల్లో అధిక బరువు వచ్చే అవకాశం 26 శాతం తక్కువని తేలింది. వాటిలో పకడ్బందీగా చేసినవాటినే ఏరి చూస్తే ఆ తేడా 13 శాతానికి దిగింది. 2019లో యూరప్‌లోని 22 దేశాల బడిపిల్లల లెక్కలు వచ్చాయి. అసలు తల్లిపాలే తాగని పిల్లల్లో ఊబకాయం అవకాశం 22 శాతం ఎక్కువని అక్కడ చూశారు.

ఈ లెక్కల్లో ఒక చిక్కుంది. ఆ దేశాల్లో ఎక్కువకాలం పాలిచ్చే తల్లులు చాలావరకు చదువుకున్నవాళ్లు, ఉన్నవాళ్లు, పొగతాగనివాళ్లు. ఆ ఇళ్లల్లో తిండీ వేరు, ఆటలూ వేరు. పిల్లవాడు సన్నగా ఉన్నాడంటే అందులో పాల వంతెంత, ఇంటి వంతెంత అన్నది విడదీయడం కష్టం. బ్రెజిల్‌లోని పెలోటాస్ నగరంలో పాలివ్వడానికీ ఇంటి ఆదాయానికీ పెద్దగా ముడి లేదు. అక్కడి పిల్లలను ఇంగ్లండు పిల్లలతో పోల్చి చూస్తే, ఇంగ్లండులో కనిపించిన బరువు తేడా పెలోటాస్‌లో కనిపించలేదు. తెలివితేటల తేడా మాత్రం రెండుచోట్లా కనిపించింది.

దీన్ని తేల్చడానికి అన్నిటికన్నా గట్టి ప్రయత్నం బెలారుస్ దేశంలో జరిగింది. మైకేల్ క్రామర్ బృందం 1996, 1997 సంవత్సరాల్లో 31 ప్రసూతి ఆసుపత్రులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపులో తల్లులకు పాలివ్వడంలో చేయూతనివ్వడానికి సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. రెండో గుంపులో ఎప్పటిలాగే నడిచింది. మొత్తం 17 వేలమందికి పైగా తల్లీబిడ్డలు. మూడు నెలలు నిండేసరికి మొదటి గుంపులో 43 శాతం మంది బిడ్డలు తల్లిపాలు తప్ప మరేదీ తాగడం లేదు, రెండో గుంపులో అలాంటివాళ్లు 6 శాతమే. ఏడాదిలోపు విరేచనాల జబ్బు రెండో గుంపులో 13 శాతానికి వస్తే మొదటి గుంపులో 9 శాతానికే వచ్చింది. చర్మం మీద ఎగ్జిమా సగానికి తగ్గింది. ఆరున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్షలో మొదటి గుంపు పిల్లలు ముందున్నారు. బరువు? ఆరున్నరేళ్లకు, పదకొండున్నరేళ్లకు, పదహారేళ్లకు తూచి చూశారు. మొదటి గుంపులో ఊబకాయం తగ్గలేదు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రెండు గుంపుల్లోనూ తల్లులంతా మొదట తల్లిపాలు పట్టినవాళ్లే. పుట్టినప్పటి నుంచి డబ్బా పాల మీదే పెరిగిన పిల్లలతో పోలిక ఇందులో లేదు.

అయితే తల్లిపాలకూ బరువుకూ సంబంధమే లేదా అంటే, ఉంది. అది పాలలో ఏముందన్న దానితో పాటు, ఆ పాలు ఎలా తాగుతారన్న దాంట్లోనూ ఉంది.

ముందు పాలలో ఏముందో చూద్దాం. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు, అంటే ప్రోటీన్, దాదాపు ఒక గ్రాము. ఆవుపాలలో మూడు గ్రాముల పైచిలుకు. గేదెపాలలో నాలుగు గ్రాములకు దగ్గర, కొవ్వు ఆరేడు గ్రాములు. ఎక్కువ ప్రోటీన్ అంటే ఎక్కువ బలం కదా అని మనకు అనిపిస్తుంది. చంటిబిడ్డ విషయంలో అది తప్పు. అవసరానికి మించిన ప్రోటీన్ వెళితే రక్తంలో ఇన్సులిన్, దానితోపాటు ఎదుగుదలను తోసే ఇంకో హార్మోను పెరుగుతాయి. బిడ్డ పొడుగు కన్నా ముందు ఒళ్లు చేస్తుంది, కొవ్వు కణాలు ముందే కూడుతాయి. మ్యూనిక్ నగరానికి చెందిన బెర్తోల్డ్ కోలెట్జ్‌కో బృందం దీన్ని అయిదు యూరప్ దేశాల్లో పరీక్షించింది. కొంతమంది పిల్లలకు ఎక్కువ ప్రోటీన్ ఉన్న డబ్బా పాలు, మరికొంతమందికి తక్కువ ప్రోటీన్ ఉన్నవి ఏడాదిపాటు పట్టారు. ఆరేళ్ల వయసుకు ఎక్కువ ప్రోటీన్ తాగిన పిల్లల్లో ఊబకాయం అవకాశం దాదాపు 2.4 రెట్లు ఉంది. తేడా అల్లా డబ్బాలో కలిపిన ప్రోటీన్‌లోనే. మూడో నెలలోనే గేదెపాలు మొదలుపెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లకు చెప్పాల్సిన మాట ఇది. దానికి తోడు పశువుల పాలలో ఇనుము బాగా తక్కువ, ఆవుపాలు పసిపేగుల్లో కంటికి కనిపించనంత రక్తం పోయేలా కూడా చేయగలవు. ఏడాదిలోపు అవే ప్రధాన ఆహారమైతే బిడ్డ పాలిపోతుంది.

ఇక తాగే తీరు. రొమ్ము దగ్గర బిడ్డ తనే నోరు తెరిచి పట్టుకోవాలి, తనే చప్పరించాలి. కడుపు నిండగానే వదిలేస్తుంది. ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో తల్లికి కనబడదు, కాబట్టి బలవంతం చేసే వీలు లేదు. ఆ పైన, రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలలో కొవ్వు పెరుగుతూ వస్తుంది. సీసాకు గీతలుంటాయి. 120 గీత దాకా పోసిన అమ్మమ్మ 90 దగ్గర బిడ్డ మొహం తిప్పుకుంటే ఊరుకోదు, ఆ 30 కూడా లోపలికి పోయేదాకా పాలపీక నోట్లో తిప్పుతుంది. రోజుకు ఎనిమిదిసార్లు, నెలల తరబడి ఇలాగే జరిగితే, "ఇక చాలు" అనే కబురు కడుపు నుంచి వస్తుందని బిడ్డ మరచిపోతుంది. సీసాలో ఉన్నవి పిండిన తల్లిపాలైనా సరే, సీసాతో తాగడం అలవాటైన పిల్లలు తర్వాత కప్పు ఇచ్చినా పూర్తిగా ఖాళీ చేసేస్తారని అమెరికాలో చూశారు.

అందుకే నేను తల్లులకు చెప్పేది: పాలివ్వగానే మీ పని అయిపోలేదు. ఎంత తాగాలో నిర్ణయించే హక్కు బిడ్డదని రొమ్ము దగ్గర మీరు ఒప్పుకున్నారు. సీసా దగ్గర, ఉగ్గుగిన్నె దగ్గర, అన్నం ముద్ద దగ్గర కూడా ఒప్పుకోండి.

మన పిల్లల సంగతి ఇంకొంచెం వేరు. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చింది. మన బిడ్డ సగటు 2.7 కిలోలు, వాళ్ల బిడ్డ 3.5 కిలోలు. ఇంత సన్నగా పుట్టినా మన బిడ్డ చర్మం కింద కొవ్వు ఆ దామాషాలో తగ్గలేదు. తగ్గినవి కండ, పొట్టలోని అవయవాలు. అలాంటి బిడ్డను త్వరగా బొద్దుగా చేయాలని చూస్తే పెరిగేది ఎక్కువగా కొవ్వే. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి తూచుకుంటూ వచ్చిన 1,492 మందిని 26 నుంచి 32 ఏళ్ల వయసులో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. షుగర్ వచ్చినవాళ్లు, వచ్చే దారిలో ఉన్నవాళ్లు ఎవరంటే, రెండేళ్లదాకా సన్నగా ఉండి ఆ తర్వాత ఏటేటా వేగంగా ఒళ్లు చేస్తూ వచ్చినవాళ్లు. పన్నెండేళ్ల వయసులో వాళ్లలో ఒక్కరు కూడా ఊబకాయం కొలతకు చేరలేదు. చూసేవాళ్లకు మామూలు పిల్లల్లాగే ఉన్నారు. మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంతకుముందు సర్వేతో పోలిస్తే అధిక బరువు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగింది. ఒకే వీధిలో ఈ రెండూ ఉంటాయి. కాబట్టి మనం చూడాల్సింది బరువొక్కటే కాదు, ఎత్తూ చూడాలి. మాతా శిశు సంరక్షణ కార్డులో ఆకుపచ్చ పట్టీలో ఉన్నాడంటే వయసుకు బరువు సరిపోయిందనే అర్థం. బరువు ఎక్కువైందో లేదో ఆ గీత చెప్పదు. అందుకు ఎత్తుకు తగ్గ బరువు చూడాలి. టీచర్లూ, ప్రతి నెలా తూచేటప్పుడు పొడుగు కూడా కొలవండి. రెండేళ్లలోపు పడుకోబెట్టి, మోకాళ్లు నిటారుగా ఉంచి, ఇద్దరు పట్టుకుని కొలవాలి. ఒక్కరే కొలిస్తే రెండు సెంటీమీటర్ల తేడా ఇట్టే వస్తుంది.

ఇప్పుడు అసలైన గండం. తల్లిపాలు మధ్యలో ఆగిపోయే ఇళ్లల్లో ఎక్కువసార్లు వినబడే మాట "పాలు చాలట్లేదు". దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

పుట్టిన రోజున బిడ్డ కడుపు గోలీకాయంత. ఒక్కో విడతకు అయిదారు మిల్లీలీటర్లు చాలు. ముర్రుపాలు అంతే వస్తాయి, సరిగ్గా అంతే కావాలి. నిండా పాలు పడేది మూడో రోజుకో నాలుగో రోజుకో. సిజేరియన్ అయితే ఒకరోజు ఆలస్యం కావచ్చు. ఈలోగా తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం చుక్కలు, ఎవరో తెచ్చిన డబ్బా, ఇవన్నీ వచ్చిపడతాయి. కడుపు వాటితో నిండితే బిడ్డ చప్పరించదు. చప్పరించకపోతే పాలు పడవు. తేనె అయితే ఏడాది నిండేదాకా అసలే వద్దు, దాంట్లో ఉండే క్రిములతో పసిపిల్లలకు కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. మొదటి రోజుల్లో బిడ్డ పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. 3 కిలోల బిడ్డ 2 కిలోల 750కి వస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో మళ్లీ పుట్టిన బరువుకు చేరితే అంతా సవ్యంగా ఉన్నట్టే. 10 శాతం దాటి తగ్గితే మాత్రం అదే రోజు వైద్యులకు చూపించాలి.

ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. మూడు నుంచి ఆరు నెలల మధ్య రోజుకు 15 నుంచి 20 గ్రాములకు దిగుతుంది. తొమ్మిదో నెల దాటాక నెలకు పావు కిలో పెరిగితే చాలు. చాలామంది కంగారుపడేది నాలుగో నెలలో ఈ వేగం తగ్గినప్పుడే. పక్కింట్లో డబ్బా పాల బిడ్డ బూరెబుగ్గలతో కనబడుతుంది, మనవాడు సన్నబడిపోయాడని దిగులు మొదలవుతుంది. సన్నబడలేదు, అది తల్లిపాల బిడ్డ ఎదిగే తీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలు తల్లిపాలు తాగిన పిల్లలను కొలిచి గీసినవే. దక్షిణ ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. ఆ పట్టికలో మీ బిడ్డ తన గీత వెంట పోతుంటే చాలు, పక్కింటి బిడ్డతో పనిలేదు.

పాలు చాలుతున్నాయో లేదో తూకం లేకుండా ఇంట్లో తెలుసుకోవచ్చు. అయిదో రోజు దాటాక ఇరవైనాలుగు గంటల్లో ఆరుసార్లు, అంతకు మించి ఉచ్చ పోస్తుందా? అది నీళ్లలా పలచగా ఉందా? నాలుగైదు రోజులకు విరేచనం నల్లరంగు పోయి పసుపుగా మారిందా? తాగేటప్పుడు గుటక చప్పుడు వినబడుతోందా? ఇవి ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఏడవడం, రొమ్ములు మెత్తగా అనిపించడం, పిండితే కొద్దిగానే రావడం, సాయంత్రం పూట గంటకోసారి తాగడం, ఇవేవీ పాలు తక్కువని చెప్పే గుర్తులు కావు. సాయంత్రం పదేపదే తాగి, రాత్రికి కొంచెం ఎక్కువసేపు పడుకునే పిల్లలే ఎక్కువ.

నిజంగానే పాలు తక్కువైతే, పది కేసుల్లో చాలావాటిలో తప్పు బిడ్డ నోరు రొమ్మును పట్టుకున్న తీరులోనే ఉంటుంది. చూపిస్తాను, ఈ బొమ్మను చూడండి. బిడ్డ మెడ మాత్రమే తిప్పితే కుదరదు. తల, వెన్ను, పిరుదు ఒకే వరసలో, కడుపు తల్లి కడుపుకు ఆనుకుని ఉండాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా రావాలి. పై పెదవికి చనుమొనతో తాకించి ఆగండి. నోరు ఆవులించినంత పెద్దగా తెరిచాకే బిడ్డను రొమ్ము దగ్గరకు తీసుకోవాలి. రొమ్మును బిడ్డ దగ్గరకు వంచితే మీకు నడుం నొప్పి మిగులుతుంది. సరిగ్గా పడితే గడ్డం రొమ్ముకు ఆనుతుంది, కింది పెదవి బయటకు మడతపడుతుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనబడుతుంది. మొన చివర మాత్రమే నోట్లో ఉంటే పాలు రావు, మొన పగులుతుంది, నొప్పికి తల్లి తొందరగా తీసేస్తుంది, రొమ్ములో పాలు మిగిలిపోతాయి. మిగిలిపోయిన పాలు ఇంక చేయొద్దని రొమ్ముకే కబురు పెడతాయి. పాలు తగ్గడం ఇలా మొదలవుతుంది. నొప్పిగా ఉంటే లాగేయకండి. చిటికెనవేలు శుభ్రంగా కడుక్కుని నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదటి నుంచి పట్టించండి. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా. రాత్రి పాలు చేసే హార్మోను ఎక్కువ, రాత్రి విడతలు మానేస్తే పగటి పాలూ తగ్గుతాయి. ఒక రొమ్ము పూర్తిగా అయ్యాకే రెండోది.

సిజేరియన్ అయినవాళ్లు పక్కకు తిరిగి పడుకుని పాలివ్వవచ్చు. లేదా బిడ్డ కాళ్లు మీ చంక కిందుగా వెనక్కి పోయేలా పెట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. వెన్నులో మత్తు ఇచ్చిన ఆపరేషన్ అయితే మొదటి గంటలోనే బిడ్డను ఛాతీ మీద వేయొచ్చు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే అడిగి పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పది కాన్పుల్లో నాలుగు పైచిలుకు ఆపరేషన్లే, కాబట్టి ఇది చాలామందికి పనికొచ్చే సంగతి.

బాలింత తిండి గురించి క్లుప్తంగా. పత్యం పేరుతో పప్పు, ఆకుకూర, నీళ్లు ఆపేయడం తప్పు. మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, 17 గ్రాముల ప్రోటీన్ అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మామూలు తిండికి ఇంకో పూట భోజనం, ఒక గుడ్డు, గ్లాసు పాలు కలిపితే దాదాపు సరిపోతుంది. మన విశాఖలో పాల సొర తింటే పాలు పడతాయని హార్బర్‌కు మనిషిని పంపి మరీ తెప్పిస్తారు. పాలు పెంచేది బిడ్డ చప్పరింపు, సొర కాదు. సొర మిగతా చేపలను తిని బతికే పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం పోగవుతుంది, అది పాలలోకీ వస్తుంది. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు తినండి. చౌక, ప్రోటీన్ ఉంటుంది, బిడ్డ మెదడుకు పనికొచ్చే కొవ్వూ ఉంటుంది.

మే నెల ఉక్కపోతలో బిడ్డకు దాహం వేయదా అని అడుగుతారు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే. ఆరు నెలలు నిండేదాకా విడిగా చెంచాడు నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లి మాత్రం దాహం వేసినప్పుడల్లా తాగాలి. గ్రైప్ వాటర్ వద్దు. విటమిన్ డి చుక్కలు మాత్రం రోజుకు 400 యూనిట్లు ఏడాదిదాకా వేయాలి, అది పాలలో చాలినంత ఉండదు. డ్రాపర్ గీత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఎన్ని చుక్కలో మందుల షాపులో కాకుండా వైద్యులతో రాయించుకోండి.

ఉద్యోగానికి వెళ్లే తల్లులు. చట్టప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం, రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లే వీలు ఉండాలి. దువ్వాడ సెజ్‌లో పనిచేసే అమ్మాయిలు ఇది అడిగి తీసుకోండి. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే తల్లికి, ఇళ్లల్లో పనిచేసే తల్లికి ఆ చట్టం చేరదు. వాళ్లకు నేర్పాల్సింది చేత్తో పాలు పిండడం, దానికి యంత్రం కొననక్కర్లేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలు మొనకు పైన, చూపుడువేలు కింద, మొన నుంచి రెండు వేళ్ల దూరంలో పెట్టండి. ముందు ఛాతీ వైపు నొక్కండి, తర్వాత రెండు వేళ్లను దగ్గరకు నొక్కి వదలండి. వేళ్లను చర్మం మీద జార్చకూడదు, మొనను లాగకూడదు. ఒక్కో వైపు అయిదేసి నిమిషాలు మారుస్తూ ఇరవై, ముప్పై నిమిషాలు. మూత ఉన్న స్టీలు గిన్నెలోకి పిండండి. గదిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దు, మన వేసవిలో ఇంకా ముందే వాడేయండి. ఫ్రిజ్‌లో లోపలి అరలో ఒక రోజు. పైన మీగడలా తేలితే చెడిపోయినట్టు కాదు, మెల్లగా గిన్నె తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద కాచొద్దు, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కాసేపు పెడితే చాలు. పట్టేది ఉగ్గుగిన్నెతో. బిడ్డను కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేదాకా వంచండి. నోట్లో పోయొద్దు. బిడ్డే నాలుకతో తీసుకుంటుంది. మొహం తిప్పితే ఆపేయండి, మిగిలింది పారబోయండి.

డబ్బా పాలు నిజంగా అవసరమైన బిడ్డలూ ఉన్నారు. తల్లి లేని బిడ్డ, దత్తత తెచ్చుకున్న బిడ్డ, క్యాన్సర్ మందులు వాడుతున్న తల్లి బిడ్డ. ఆ ఇళ్లల్లో ఎవరినీ తప్పుపట్టకండి, కలపడం నేర్పండి. మరిగించిన నీళ్లు అరగంట లోపు, ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే కొలిచి పోయాలి. పొడిలో ఉండే క్రిములు చావాలంటే 70 డిగ్రీల వేడి కావాలి. ముందు నీళ్లు, తర్వాత పొడి. ఆ డబ్బాతో వచ్చిన చెంచానే వాడాలి, చాకు వెనక అంచుతో సమంగా గీయాలి. రాశిగా పోస్తే ఉప్పు, ప్రోటీన్ ఎక్కువై బిడ్డకు దాహం వేస్తుంది. ఆ ఏడుపును ఆకలనుకుని ఇంకో సీసా పడతారు. పొదుపు కోసం పలచన చేస్తే బిడ్డ ఎండిపోతుంది. మొదటి నెలల్లో కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లు మోటు లెక్క. 4 కిలోల బిడ్డకు 600, ఎనిమిది విడతలైతే విడతకు 75. కలిపిన రెండు గంటల్లో వాడాలి. ఇంకో సంగతి, 1992 నాటి చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లల పాలడబ్బాలకు, సీసాలకు ప్రకటనలు, ఉచిత నమూనాలు నిషేధం. ఆరోగ్య సిబ్బందికి కానుకలిచ్చినా నేరమే. మీ కేంద్రానికి ఎవరైనా పట్టుకొస్తే తీసుకోకండి.

ఆరు నెలలు నిండాక తిండి. ఆడపిల్లకు అయిదో నెలలో అన్నప్రాశన చేసే ఆచారం ఉంటే, వేడుకకు ఒక మెతుకు నాలుకకు రాయించి ఆపండి. అసలు తిండి 180 రోజులు నిండాకే. మన ఇళ్లల్లో రెండు తప్పులు పక్కపక్కనే జరుగుతాయి. మొదట పప్పుకట్టు, చారన్నం, పలచటి చోడి జావ పెట్టి ఎదగట్లేదంటారు. ఆ తర్వాత ఎదగడానికని బిస్కెట్లు, డబ్బాల్లో వచ్చే మాల్ట్ పొడులు, పంచదార వేసిన పాలు మొదలుపెడతారు. ముద్ద చెంచా వంచినా జారకుండా ఉండాలి. అన్నం, ముద్దపప్పు, మెదిపిన ఆకుకూర, చెంచాడు నెయ్యి లేదా నూనె. ఏడో నెల నుంచి గుడ్డు, ముల్లు తీసిన చేప. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు పావులీటరు గిన్నెలో సగం, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి గిన్నెడు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన ఇష్టమున్నంత కాలం. అంగన్‌వాడీ బాలామృతంలో పంచదార ముందే కలిపి ఉంటుంది, మళ్లీ బెల్లం వేయకండి. రెండేళ్లలోపు పంచదార, పళ్లరసం, కూల్‌డ్రింకు అక్కర్లేదు. ఫోను చూపిస్తూ పెడితే ఎంత తిన్నాడో బిడ్డకు తెలియదు, ఎందుకు ఆపాలో కూడా తెలియదు. నాలుగు ముద్దలు తక్కువైనా ఫరవాలేదు, రేపు తింటాడు.

(ప్రశ్న: మా బాబుకు ఆరో నెల. తల్లిపాలే. 9 కిలోలున్నాడు. బాగా బొద్దుగా ఉన్నాడని పాలు తగ్గించమంటున్నారు. తగ్గించాలా?)

తగ్గించొద్దమ్మా. కేవలం తల్లిపాలతో ఒళ్లు చేసిన బిడ్డ పాకడం, నడవడం మొదలయ్యాక సన్నబడతాడు. పొడుగు కూడా కొలిపించండి, బరువుతోపాటు పొడుగూ పెద్దగానే ఉంటే అది వాడి తీరు. ఏడుపు ప్రతిసారీ ఆకలి కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. ముందు ఎత్తుకోండి, తడిసిన గుడ్డ మార్చండి, ఉక్కగా ఉందేమో చూడండి. ఆ తర్వాతే రొమ్ము.

(ప్రశ్న: మా మనవరాలికి రెండున్నరేళ్లు. అన్నం ముట్టదు. సీసాతో గేదెపాలు రోజుకు లీటరు తాగుతుంది.)

అన్నం ముట్టకపోవడానికి కారణం ఆ లీటరేనండి. రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లకు దించాలి. ఒక్కరోజులో కాదు, మూడు రోజులకోసారి ఒక్కో సీసా తగ్గించండి. ముందు అన్నానికి ముందు ఇచ్చే సీసా, చివరగా పడుకునేటప్పటిది. నీళ్లు కలిపి మభ్యపెట్టకండి, గ్లాసులోకి మార్చండి. వారం పది రోజులు గొడవ చేస్తుంది. ఈలోగా ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. ఇన్ని పాలు తాగే పిల్లల్లో రక్తం తక్కువగా ఉండడం మామూలే.

(ప్రశ్న: నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. ఇన్సులిన్ వేసుకుంటున్నాను. వచ్చే నెల కాన్పు. పాలివ్వచ్చా?)

తప్పకుండా ఇవ్వాలి. ఇన్సులిన్ బిడ్డకు ఏమీ చేయదు. మీలాంటి తల్లుల బిడ్డలకు పుట్టిన మొదటి గంటల్లో రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి మొదటి గంటలోనే రొమ్ము పట్టించి, ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి తప్పకుండా పట్టాలి. నిద్రపోతున్నా లేపండి. మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు, భయపడకండి. పాలిచ్చిన తల్లులకు తర్వాత షుగర్ స్థిరపడే అవకాశం తక్కువగా కనిపిస్తోంది, మీకూ మేలే. కాన్పయ్యాక షుగర్ మామూలుకు వచ్చిందని వదిలేయకుండా, ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష చేయించుకోండి. బిడ్డకు పెంటావాలెంట్ మొదటి టీకా కూడా అప్పుడే పడుతుంది. ముందే ఆసుపత్రిలో అడిగి, వీలుంటే ఆ రోజు పరగడుపున వెళ్లండి, రెండు పనులూ ఒక్క రాకలో అయిపోతాయి.